ఐదో అంతస్తు ప్రింటరు మొరాయించిన వారం

నమోదు 1. సోమవారం, నీళ్లొచ్చి వెళ్ళాక

ప్రింటరు పాడైతే సరఫరా శాఖ ఫిర్యాదు తీసుకోదట, చిట్టా తీసుకుంటుందట. ఏం చేశారు, ఏమైంది, మళ్ళీ ఏం చేశారు అని ఏ రోజుకారోజు రాసి పంపితే, చదివి, అప్పుడు మనిషిని పంపాలా వద్దా అని ఆలోచిస్తుందట. అంటే మరమ్మతు మనమే చేసుకోవాలి, చేతకాలేదని రుజువు కూడా మనమే తెచ్చుకోవాలి. ఆకలైన వాడి చేతే ఆకలి మీద వ్యాసం రాయించే ఏర్పాటు ఇది. సరే, రాస్తాను. వ్యాసాలు రాయడం నాకు కొత్త కాదు, వాటిని ఎవరూ చదవకపోవడమూ కొత్త కాదు.

నా పేరు సమత. మెరక కాలనీ, మూడో బ్లాకు, ఐదో అంతస్తు. అంతస్తులోని నాలుగిళ్ళూ కలిపి ఒక కుదురు. మీ కాగితాల్లో నాలుగిళ్ళూ ఒకే ఇల్లు. ఒక మీటరు, ఒక నెట్‌వర్క్, వరండా చివర ఒక ప్రింటరు. ఇళ్ళలో పొయ్యి వెలిగించకూడదని మీరే అన్నారు కాబట్టి జొన్నపొడి, పప్పుపొడి, నాచుపొడి డబ్బాలు దానికి తొడుగుతాం. ఇంట్లోంచి ఆర్డరు పంపితే అది ఇడ్లీ లాంటిదో ముద్ద లాంటిదో అచ్చేసి ఇస్తుంది. "లాంటిది" అన్న మాట దయచేసి గమనించండి.

సమస్య మూడో ఇంటిది. అక్కడ బ్లెస్సమ్మ పిన్ని ఒక్కతే ఉంటుంది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, సగం గొంతు పడిపోయాయి. పలచటి నీళ్ళయినా, గట్టి మెతుకైనా ఆమెకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముద్ద ఎంత మెత్తగా ఉండాలో రోజురోజుకీ మారుతుంది. అందుకని ఆసుపత్రి వాళ్ళు మొన్న శనివారం ఒక మంచం పంపారు. మెడకింద పట్టీ ఉంటుంది. తినే వేళకి అది లేచి గొంతు కొలిచి, ఇంత మెత్తగా కావాలి అని ప్రింటరుకు తనే ఆర్డరు పంపుతుంది. మంచి ఆలోచనే. పంపిన వాళ్ళు వెళ్ళిపోయారు. శనివారం నుంచి ఇప్పటిదాకా ఆ మంచం అడిగిన ముద్ద ఒక్కటీ ప్రింటవలేదు.

ఈరోజు చేసినవి: ప్రింటరు ఆపి మళ్ళీ పెట్టాను. తీగ ఊడదీసి, చీరకొంగుతో తుడిచి, మళ్ళీ గుచ్చాను. వరసలో ఇరుక్కున్న పాత ఆర్డర్లన్నీ చెరిపేశాను. మంచం తెరమీద మాత్రం "ప్రింటరు కనబడుట లేదు" అనే వస్తోంది. నేను దాని ఎదురుగానే నిలబడి ఉన్నాను. నాకు కనబడుతోంది.

పిన్ని ప్రస్తుతం ఆసుపత్రి ఇచ్చిన గంజి ప్యాకెట్ల మీద ఉంది. అవి రేపటితో ఆఖరు. ఇక అసలు సంగతి. మంచం ప్రతి శనివారం పొద్దున్న ఆసుపత్రికి నివేదిక పంపుతుంది. తన కొలత ప్రకారం చేసిన ముద్ద వారంలో ఒక్కటైనా గొంతు దిగినట్టు అందులో లేకపోతే, "ఇంటివద్ద ఆహారం అందుట లేదు" అని రాసుకుని మనిషిని వాలు కింద సంరక్షణ షెడ్డుకు తరలిస్తారు. మా బ్లాకు నుంచి షెడ్డుకు వెళ్ళిన వాళ్ళెవరూ తిరిగి రావడం నేను చూడలేదు. మీరు చూసి ఉంటే చెప్పండి, ఈ వాక్యం కొట్టేస్తాను.

నమోదు 2. మంగళవారం, ఎండ వరండా దాటాక

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. మనిషి కాదు, గొంతు. ఎంత తియ్యగా ఉందంటే దాన్ని తిట్టడానికి కూడా బుద్ధి పుట్టదు, అదే దాని ఉద్యోగం. ప్రింటరును నెట్‌వర్క్ జాబితాలోంచి తీసి మళ్ళీ చేర్చమంది. చేర్చాను. పొడి డబ్బాలు మార్చమంది. పొడికీ, మంచం మాట ప్రింటరుకు వినబడకపోవడానికీ ఏమిటమ్మా సంబంధం అని అడిగాను. "మీ ఓపికకు ధన్యవాదాలు" అంది. నాకు ఓపిక లేదని చెప్పాను. దానికీ ధన్యవాదాలు చెప్పింది.

ఒక విషయం మాత్రం తేలింది. మిగతా మూడిళ్ళ ఆర్డర్లు ప్రింటవుతున్నాయి. అప్పుడప్పుడు ఆగుతున్నాయి, కాసేపయ్యాక వాటంతట అవే వస్తున్నాయి. అస్సలు రానిది బ్లెస్సమ్మ పిన్నిది ఒక్కటే.

నేను ముప్ఫయ్యేళ్ళుగా ఈ దేశంలో రాస్తున్న దాన్ని. నలుగురు ఒకే బావిలో తోడుకుంటూ ఒక్కరికే నీళ్ళు రాకపోతే తప్పు చేదదని నమ్మే అలవాటు నాకు లేదు. బ్లెస్సమ్మ పిన్ని ఏ పేట నుంచి వచ్చిందో ఈ అంతస్తులో అందరికీ తెలుసు. పేట మునిగిపోయింది గానీ పేట పేరు మునగలేదు.

నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఏడాదికొకరి దగ్గర, కుదురు పెద్ద దగ్గర ఉంటుంది. ఈ ఏడు కుదురు పెద్ద ఎదురింటి సహస్ర. ఎవరి ఆర్డరు రానివ్వాలో, ఎవరిది ఆపాలో ఆమె చేతిలో పని. పొద్దున్నే అందరికంటే ముందు లేచి ప్రింటరు మూతికి పసుపు రాస్తుంది. మొదటి ముద్ద తన మొగుడిది కావాలంటుంది. ఆ ముద్దకు ముందు చేపపొడి డబ్బా ఎవరూ తొడగకూడదని పోయిన నెల అడిగింది కూడా. నేను అప్పుడే పోట్లాడి ఉండాల్సింది. నీళ్ళ లైన్లో నిలబడి వచ్చి అలసిపోయి ఉన్నాను, ఊరుకున్నాను.

ప్రింటరును మొదటికంటా రీసెట్ చేద్దామంటే ఆ బొత్తాం మీ సీలు కింద ఉంది. సీలు చింపితే కుదురు మొత్తానికి పొడి ఆపేస్తామని మీరే రాసి అంటించారు. కాబట్టి దారి ఒకటే. రేపు కుదురు సమావేశం పిలుస్తాను.

నమోదు 3. బుధవారం, మధ్యాహ్నం

పొద్దున్న వరండాలో కూర్చున్నాం. నేను, సహస్ర, నాలుగో ఇంటి ఖాదర్ మాస్టారు. మాస్టారు జీవితమంతా లెక్కలు చెప్పి, రిటైరయ్యాక మాత్రం ఏ లెక్కకైనా రెండు జవాబులూ కరెక్టే అనే దశకు చేరుకున్నారు. పిన్ని తలుపు తెరిచే ఉంచాం, వినబడాలని.

నేను మాట్లాడాను. పెద్దగానే మాట్లాడాను. నది ఎండినా రేవు గొడవ ఎండని జాతి మనదని, పొయ్యి పోయి ప్రింటరు వచ్చినా దాని మూతి దగ్గర మడి కట్టుకుని నిలబడ్డామని, ముసలామె నోటి దగ్గర ముద్ద ఆపడానికి ఈ కాలంలో గోడ కూడా అక్కర్లేదు, ఒక పాస్‌వర్డ్ చాలునని అన్నాను. సహస్ర తల వంచుకుని విన్నది. నేను ఆగాక అడిగింది.

"అయిపోయిందాక్కా?"

అయిందన్నాను.

"మునిగిపోయినూరికి మడేంటక్కా. మా అమ్మమ్మ మడిగట్టుకున్న గదిలో ఇప్పుడు పీతలుంటన్నాయి. పిన్నిగారి పక్కబట్టలు వారంబట్టీ ఎవురుతుకుతున్నారో మీకు తెల్సా? తెలీదు. మీరు పన్లో ఉన్నారు. నామీద రాసుకుంటన్నారు."

నాకు తెలియదన్నది నిజం. పక్కబట్టలు ఉతకడం, పాస్‌వర్డ్‌తో అడ్డుపడటం రెండూ ఒకే మనిషి చెయ్యవచ్చునని, చరిత్ర నిండా అలాంటి దయే ఉందని జవాబు చెప్పాను. అది కూడా నిజమే. కానీ వినడానికి అక్కడ ఎవరూ లేరు. సహస్ర లేచి వెళ్ళి, పాస్‌వర్డ్ కొట్టి, ఆర్డర్లు ఆపే పట్టిక తెరిచి నా ముందు పెట్టింది. ఖాళీ. ఎవరినీ ఆపలేదు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందని ఖాదర్ మాస్టారు అన్నారు. ఆయనను నేను ఏమీ అనలేదు, ఆయన పెద్దవారు.

తరువాత జరిగింది రాయాలి కాబట్టి రాస్తున్నాను. ప్యాకెట్లు అయిపోయాయి. పిన్ని పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. మంచం కొలత తెరమీద కనబడదు, ప్రింటరుకే వెళుతుంది. అందుకని నా ఇంటి ఆర్డరు మీద, నాకు తోచినంత మెత్తగా, జొన్నజావ ప్రింటు చేయించి చెంచాతో పట్టాను. రెండో చెంచాకే ఆమె కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. దగ్గు కూడా రాలేదు, దగ్గు వస్తే నయం. నేను అరిచినట్టున్నాను. సహస్ర పరిగెత్తుకొచ్చి, నన్ను పక్కకు తోసి, ఆమెను ఒక పక్కకు తిప్పి, నోట్లో వేళ్ళు పెట్టి తీసేసి, వీపు మీద చరిచింది. ఊపిరి వచ్చింది. పిన్ని కాసేపు పడుకుని, నా వైపు చూసి, ఉన్న సగం గొంతుతో అంది: "వంట నీకప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు."

మంచం కొలత లేకుండా ఎవరూ ఆమె నోట్లో ఏమీ పెట్టకూడదని తేలింది. తడిబట్టతో పెదాలు తుడుస్తున్నాం. చేతికి ఉప్పునీళ్ళ సీసా కట్టడానికి బ్లాకు నర్సు ఒప్పుకుంది. సీసాలో ఉన్నది తిండి కాదని మంచానికి తెలుసు. అది నివేదికలో లెక్కకు రాదు.

నమోదు 4. గురువారం, కరెంటు వచ్చాక

కనుక్కున్నాను.

పొద్దున్న కరెంటు పోయింది. వచ్చేసరికి నేను ప్రింటరు దగ్గరే ఉన్నాను. అది గుర్రుమని లేచింది, నా తెరమీద "సిద్ధం" అని వచ్చింది. అంతలో పిన్ని గదిలోంచి మంచం లేస్తున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడుతో పాటే నా తెరమీద ప్రింటరు మాయమైంది. మంచం తీగ తీశాను. ప్రింటరు వచ్చింది. పెట్టాను. పోయింది.

పత్రిక నడిపిన రోజుల్లో మా ఆఫీసు నెట్‌వర్క్ నేనే చూసుకునేదాన్ని. జీతానికి మనిషిని పెట్టుకునే స్తోమత ఏ ప్రగతిశీల పత్రికకు ఉంది గనక. అప్పుడు నేర్చుకున్న పని ఒకటి చేశాను. ప్రింటరును పూర్తిగా ఆపేసి, తీగ కూడా పీకేసి, నా కంప్యూటర్లోంచి ప్రింటరు నంబరుకు పింగ్ పంపాను. ఉన్నావా అని పిలవడం అన్నమాట. చచ్చిన యంత్రం పలకకూడదు. పలికింది. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను అని వరసగా.

పలికింది మంచం. నెట్‌వర్క్‌లో ప్రతి యంత్రానికీ ఇంటి నంబరు లాంటి నంబరు ఒకటి ఉంటుంది. మంచానికీ ప్రింటరుకూ ఒకటే నంబరు, చివర రెండువందల ఏడు. ఒకే నంబరుతో రెండిళ్ళుంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు? మంచం ముద్ద కోసం పంపుతున్న ఆర్డరు మంచానికే చేరుతోంది. వారం రోజులుగా ఆమె ఆకలి బయల్దేరి, గుమ్మం కూడా దాటకుండా, ఆమె దగ్గరికే తిరిగి వస్తోంది.

మంచానికి ఆ నంబరు ఎందుకుందో తేలికగానే తెలిసింది. ఆసుపత్రిలో అది రెండో అంతస్తు ఏడో మంచం. అక్కడ అదే నంబరు గట్టిగా బిగించి పంపారు. మార్చాలంటే వాళ్ళ మనిషే రావాలి, మూడు వారాలు పడుతుందన్నారు. మరి ప్రింటరుకు ఎవరు బిగించారు? దానికి నెట్‌వర్క్ ఏదో ఒక నంబరు ఇచ్చి ఊరుకోవాలి.

సహస్రను అడిగాను. ఈసారి మెల్లగా అడిగాను, నిన్నటి తరవాత ఆ మాత్రం నాకూ తెలుసు. ఆమె దాచలేదు.

"నేనే పెట్టేనక్కా. రెండూ ఏడూ కలిపితే తొమ్మిది కదా."

పూర్వం బళ్ళకు తొమ్మిది వచ్చే నంబరు కోసం మనుషులు వేలంపాట పాడేవాళ్ళని మా అమ్మ చెప్పేది. బళ్ళు పోయాయి. రోడ్లు పోయాయి. తొమ్మిది మాత్రం ఈదుకుంటూ ఐదో అంతస్తుకు ఎక్కి వచ్చి, ప్రింటరు నంబరులో దూరింది. దీని మీద నేను ఒక పుస్తకం రాయగలను. రాయను. చేతులు లాగుతున్నాయి.

ఎందుకు పెట్టిందో కూడా రాస్తున్నాను, మీకు మనుషుల సంగతి కూడా తెలియాలి కాబట్టి. ఆమె భర్త కార్తికేయ మునకపని చేస్తాడు. మునిగిన ఊళ్ళ గోడల్లోంచి రాగితీగ పీకి పైకి పంపే పని. రాత్రి కూడా నీటి కిందే, గాలి పట్టిన ఇనుప గదిలో ఉండి మర్నాటికి పైకొస్తారు. పోయినేడు రెండుసార్లు అతని తాడు ఇనుపచువ్వలకు చిక్కుకుంది. రెండోసారి పక్కనున్న మనిషి పైకి రాలేదు. ఆ తరవాత ఆమె కుదురు పెద్ద అయింది, పాస్‌వర్డ్ చేతికి రాగానే చేసిన మొదటి పని ప్రింటరు నంబరు మార్చడం. దిగే ముందు అతను తినే ముద్ద ఆ యంత్రంలోంచి వస్తుంది గనక. అప్పట్నుంచి అతని తాడు చిక్కుకోలేదు.

నేను వాదించాను. అలసిపోయినా వాదన నాకు ఊపిరిలా వస్తుంది. తాడు చిక్కుకోకపోవడానికి ఈ ఏడు కొత్తగా ఇచ్చిన తాళ్ళు కారణమని, కార్మికులు సమ్మె చేసి సాధించుకున్న తాళ్ళవని, ఆ గెలుపును తీసుకెళ్ళి ఒక అంకె ఖాతాలో వెయ్యడం సమ్మె చేసిన వాళ్ళకు అన్యాయమని చెప్పాను. అంకెకు శక్తి ఉండదని చెప్పాను.

"శక్తి లేకపోతే అదెక్కడుంటే మీకేంటక్కా? మంచం నంబరే మార్పించండి."

తర్కం తప్పని చెప్పలేను. మంచానికి మూడు వారాలని మళ్ళీ చెప్పాను. ఆమె చాలాసేపు కొంగు చివర మడతలు పెట్టింది.

"ఆయన రేపు పొద్దున్నే దిగుతారు. శనివారం సాయంత్రం పైకొత్తారు. రాగానే మార్చేత్తాను. మీమీదొట్టు."

శనివారం పొద్దున్నే నివేదిక వెళ్ళిపోతుందని ఆమెకూ తెలుసు. అందుకే నా మొహం చూడలేదు. రెండు పూటలు మంచం ఆపి, రెండు పూటలు ప్రింటరు ఆపితే ఎలా ఉంటుందని ఖాదర్ మాస్టారు అడిగారు. మంచం ఆపితే అడిగేవాళ్ళుండరు, ప్రింటరు ఆపితే పెట్టేవాళ్ళుండరు మాస్టారూ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. అదీ కరెక్టేనన్నారు.

నమోదు 5. శుక్రవారం, ఎండ దిగాక

పొద్దున్నే, మంచం ఇంకా లేవకముందు, ప్రింటరు కార్తికేయ ముద్ద ఇచ్చింది. తిని వెళ్ళాడు. మెట్ల మీద నాకు ఎదురుపడి, పిన్ని ఎలా ఉందని అడిగాడు. అతనికి ఏమీ తెలియదని అర్థమైంది. చెప్పేస్తే అక్కడికక్కడే పెళ్ళాన్ని కేకేసి మార్పించేవాడు. నోటిదాకా వచ్చింది. కానీ నీటి కింద ఒక రాత్రి ఉండబోయే మనిషికి, భార్య భయపడుతోందన్న మాట కట్టిచ్చి పంపడానికి నాకు చెయ్యి రాలేదు. ఇది సరైన నిర్ణయమో కాదో తెలియదు. సరైన నిర్ణయాల మీద నాకున్న ధీమా ఈ వారం బాగా తగ్గింది.

మధ్యాహ్నం పిన్ని గదిలో ఉన్నాను. పెదాలు పగిలిపోయాయి. సహస్ర కొత్త దుప్పటి తెచ్చి పరుస్తోంది, నాతో మాట్లాడకుండా. నేను ఊరుకోలేకపోయాను. ఒక మనిషి గొంతు పెద్దదా ఒక అంకె పెద్దదా అని మొదలుపెట్టాను. ఆపింది పిన్నే. బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో ఇప్పుడు బలం లేదు, బరువు మాత్రమే ఉంది.

"నువ్వూరుకో సమతా. ఆ పిల్ల మొగుడు నీళ్ళలో ఉన్నాడు." అంతవరకూ అని, ఊపిరి తీసుకుని, సహస్ర వైపు తిరిగింది. "అతను పైకొచ్చేదాకా ముట్టుకోకే. షెడ్డులోనూ మనుషులే ఉంటారు. నాకేం కొత్త, పోయినచోటల్లా నలుగుర్ని పోగేసుకున్నాను."

సహస్ర దుప్పటి అంచు మంచం కింద దోపడం పూర్తిచేసింది. ఆ తరవాత మూలల్లో ముడతలు సాపు చేసింది. సాపు చెయ్యడానికి ఇంకేమీ లేనప్పుడు బయటికి వెళ్ళింది.

నేను ఆమె వెనకాల వెళ్ళలేదు. కోపంతో కాదు. నా దగ్గర ఉన్న వాదనలన్నీ చెప్పేశాను, ఇంకొకటి తయారు చెయ్యడానికి ఓపిక లేదు. పిన్ని కళ్ళు మూసుకుంది. షెడ్డుకు ఏ చీరలు కట్టివ్వాలా అని ఆలోచిస్తున్నానని కాసేపటికి గమనించి, నా మీద నాకే అసహ్యం వేసింది.

వరండా చివర ప్రింటరు ఆగిన చప్పుడు, మళ్ళీ లేచిన చప్పుడు వినబడ్డాయి.

వెళ్ళి చూశాను. సహస్ర దాని ముందు నిలబడి ఉంది. తెరమీద పాస్‌వర్డ్ పెట్టె తెరిచి ఉంది. నంబరు గడిలో రెండువందల ఏడు లేదు. నెట్‌వర్క్ ఇష్టమొచ్చింది ఇచ్చుకోమని వదిలేసింది. అది నూటపద్నాలుగో ఏదో ఇచ్చింది. దాని అంకెలు ఆమె కూడింది. పెదాలు కదలడం చూశాను. తొమ్మిది కాదు.

"శనివారం దాకా ఆగుతానన్నావు" అన్నాను. ఇంతకంటే తెలివైన మాట నాకు దొరకలేదు.

"ఆ నంబరెక్కడికీ పోలేదుగా అక్కా. ఆవిడి దగ్గరే ఉంది." పసుపు మరక తడిబట్టతో తుడుస్తూ చెప్పింది. "ఇన్నాళ్ళూ ఈ డబ్బాకి దణ్ణం పెట్టుకున్నాను. ఇయాల్టినుంచి ఆవిడికి పెట్టుకుంటాను. డబ్బా కన్నా ఆవిడే నయం, మాట ఇంటది."

గదిలో మంచం లేచింది. ఈసారి ప్రింటరు మాయం కాలేదు. మంచం గొంతు కొలిచింది, అడిగింది, ప్రింటరుకు వినబడింది. జొన్న, పప్పు కలిసిన వెన్నలాంటి ముద్ద ఒకటి గిన్నెలోకి నెమ్మదిగా దిగింది. నేను చెంచా తియ్యబోతే సహస్ర గిన్నె లాక్కుంది. వంట రాని వాళ్ళు పక్కకుండాలంది. మొదటి చెంచా నోట్లో పెట్టింది. ఖాదర్ మాస్టారు గుమ్మంలో నిలబడి ఏదో ప్రార్థన చదువుకుంటున్నారు. పిన్ని గొంతు కదిలింది. మంచం చిన్నగా ఒక గంట కొట్టింది. దిగింది.

గిన్నె సగం తిన్నది. ఉప్పు లేదంది.

సమస్యకు కారణం, పరిష్కారం అన్న గడుల్లో ఏం రాయాలో నాకు తెలుసు. ఒకే నంబరు రెండు యంత్రాలకు, ఒకదాన్ని మార్చాం. కానీ అడుగుతున్నాను, ఆసుపత్రి యంత్రం ఒకటి ఇంటికి పంపేటప్పుడు ఆ ఇంట్లో ఆ నంబరు ముందే ఎవరికైనా ఉందేమో చూసే బాధ్యత ఎవరిది? గడపకు రెండు మైళ్ళ దూరంలో కూర్చుని బిగించేసి, చెడితే చిట్టా రాయమనే వాళ్ళది కాదా? సహస్ర మీద, ఆమె తొమ్మిది మీద నేను నాలుగు రోజులు కోపం ఖర్చు పెట్టాను. మీకోసం మిగిలింది కొంచెమే. ఆ కొంచెమూ ఇదిగో.

నమోదు 6. శనివారం, సాయంత్రం నీళ్ళ వేళ

పొద్దున్న నివేదిక వెళ్ళింది. "ఇంటివద్ద కొనసాగించవచ్చు" అని వచ్చింది. తెరమీద ఒక్క వాక్యం. పిన్నికి చదివి వినిపిస్తే, వాళ్ళ దయ అంది.

మునకపడవ ఇంకా రాలేదు. రావాల్సిన వేళ కొంచెం దాటింది. గాలి ఎదురుగా ఉందట, అప్పుడప్పుడు ఇలాగే ఆలస్యమవుతుందట. రేవు కబురు ఖాదర్ మాస్టారు ఫోనులో కనుక్కుని చెప్పారు. ఈసారి మధ్యేమార్గం ఏదీ చెప్పలేదు. తన ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసి వెళ్ళిపోయారు.

సహస్ర వరండా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇక్కణ్ణుంచి వాలు కింద నీళ్ళు కనిపిస్తాయి. అందులోంచి పైకి పొడుచుకొచ్చిన పాత నీళ్ళ ట్యాంకు, రెండు సెల్ టవర్లు, అవతల ఖాళీ. పొద్దుట్నుంచి నాలుగైదు సార్లు పిన్ని గదిలోకి వెళ్ళి, మంచం కమ్మీ మీద చెయ్యి వేసి వచ్చింది. నేను చూడనట్టు కూర్చున్నాను. ఈ విషయం మీద నేను చెప్పగలిగినదంతా గురువారమే చెప్పాను. అందులో ఒక్క ముక్క కూడా పనిచెయ్యలేదు. జరిగిన మంచి నా వాదన వల్ల జరగలేదు. ఆమె తన నమ్మకాన్ని వదులుకుని కూడా చెయ్యలేదు. దాన్ని ఎత్తుకుని తీసుకెళ్ళి పిన్ని మంచం మీద పెట్టింది. ఈ వయసులో నేను దీన్ని ఏ సిద్ధాంతం కింద రాసుకోవాలో తెలియక, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నీళ్ళమీద వెలుతురు తగ్గుతోంది. ఆమె నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే నన్ను పిలిచింది.

"అక్కా."

"చెప్పు."

"మొన్న చెప్పేరు కదా. తాళ్ళు కొత్తవని. ఆ అంకెలో ఏవీ లేదని."

"చెప్పాను."

"ఇంకోసారి చెప్పండి."

కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను. కొత్త తాళ్ళు ఎన్ని పోగులతో పేనారో, ఎంత బరువు మోస్తాయో, సమ్మె ఎన్నాళ్ళు జరిగిందో, ఆ తాళ్ళు వచ్చాక ఏ పడవ మీదా ఎవరికీ చిక్కుకోలేదన్న సంగతి సంఘం వాళ్ళు ఎలా లెక్కకట్టారో, నాకు తెలిసినదంతా వరసగా చెప్పాను. అంకె అంటే మనం లెక్కపెట్టుకోవడానికి పెట్టుకున్న గుర్తేనని, నీటికి లెక్కలు రావని చెప్పాను. గొంతు పెంచలేదు. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది.

చెప్పడం అయింది. నీళ్ళ మీద ఇంకా ఏమీ లేదు.

"మళ్ళీ చెప్పండి" అంది.

మొదట్నుంచీ మొదలుపెట్టాను.